లాబ్రడారా, జర్మన్ షెపర్డా? ఇంటికి కుక్కను తెచ్చుకునే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు కుక్కపిల్ల కావాలని పట్టుబడితే మన దగ్గర చాలా ఇళ్లలో మాట వచ్చి ఆగేది రెండు పేర్ల దగ్గరే: లాబ్రడార్, జర్మన్ షెపర్డ్. మా ఇంట్లో రెండూ పెరిగాయి. చుట్టాలు, పక్కింటివాళ్లు, ఆఫీసు స్నేహితులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇవి చదివి కొందరు అసలు కుక్కను తెచ్చుకోవడమే మానుకున్నా నాకు సంతోషమే. ఆర్నెల్లు తిరక్కుండా "మా వల్ల కావడం లేదు, ఎవరైనా తీసుకుంటారా" అని వాట్సాప్ గ్రూపుల్లో దాని ఫొటో పెట్టే పరిస్థితి ఏ కుక్కకూ రాకూడదు.

మొదటిసారి పెంచుతున్నాం. సూటిగా చెప్పండి, ఏది తెచ్చుకోవాలి?

లాబ్రడార్. ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలు, వచ్చీపోయే బంధువులు ఉండి, కుక్కలతో ఎవరికీ పెద్దగా అనుభవం లేకపోతే మరో ఆలోచన లేకుండా ల్యాబ్ అనే చెప్తాను. పెంపకంలో మనం చేసే చిన్నచిన్న పొరపాట్లకు ల్యాబ్ సర్దుకుపోతుంది. షెపర్డ్ వాటిని గుర్తుపెట్టుకుంటుంది. మొదటి ఏడాది దాన్ని మనుషులకు, చప్పుళ్లకు అలవాటు చేయకపోతే ఆ లోటు అది బతికినంతకాలం కనిపిస్తూనే ఉంటుంది.

మరి షెపర్డ్ ఎవరికి? ఇంట్లో ఒక్కరైనా "ఇది నా బాధ్యత" అనుకుని రోజూ ఉదయం, సాయంత్రం దానితో గడపగలిగితే, కనీసం రెండేళ్లు ట్రైనింగ్ వదలకుండా చేయించగలిగితే తెచ్చుకోండి. బాగా పెంచిన షెపర్డ్ మనిషిని కనిపెట్టుకుని ఉండే తీరు చూసినవాళ్లకు ఇంకో జాతి మీదకు మనసు పోదు.

తొమ్మిదింటికల్లా అందరూ తాళం వేసి వెళ్లి రాత్రి ఏడింటికి తిరిగొచ్చే ఇల్లయితే మాత్రం రెండూ వద్దు. ఈ మాట చెబితే చాలామందికి కోపం వస్తుంది. కానీ ఆ పది గంటలూ తలుపు వైపు చూస్తూ పడుకునేది కుక్కే.

రెండూ పెద్ద కుక్కలే కదా, స్వభావంలో అంత తేడా ఏముంది?

ఏ పని కోసం వీటిని తయారుచేశారో చూస్తే తెలుస్తుంది. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలర్ల దగ్గర ఉండేవి. వల నుంచి జారిన చేపల్ని, నీళ్లలో పడిన తాళ్లను ఈదుకుంటూ వెళ్లి తెచ్చేవి. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లోని ప్రభువులు వాటిని తెప్పించుకుని, వేటలో కాల్చిన పక్షిని పళ్లు దిగకుండా తెచ్చి చేతికి అందించేలా పెంచారు. కుక్కల జాతులను నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో ఈ జాతిని గుర్తించింది. అంటే ల్యాబ్ పనల్లా ఏదో ఒకటి నోట కరుచుకుని రావడం, కొత్త మనుషుల మధ్య కూడా కుదురుగా మెలగడం.

జర్మన్ షెపర్డ్ గొర్రెల మందను కాసిన కుక్క. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి హోరాండ్ అనే కుక్కను కొని, దాన్నే ఈ జాతిలో మొదటిదిగా నమోదు చేశాడు. పొద్దస్తమానం మంద చుట్టూ తిరుగుతూ, గీత దాటిన గొర్రెను వెనక్కి తోలుతూ, కాపరి సైగ అందకపోతే సొంతంగా నిర్ణయం తీసుకోవడం దాని పని. మన పెద్దవాళ్లు అల్సేషియన్ అనేది కూడా దీన్నే.

ఇప్పుడు మీ ఇంటికి కొరియర్ అబ్బాయి వచ్చి బెల్ కొట్టాడనుకోండి. ల్యాబ్ పడుకున్నచోట నుంచి లేచి, దారిలో దొరికిన చెప్పునో బొమ్మనో నోట కరుచుకుని, నడుమంతా ఊపుకుంటూ తలుపు దగ్గరికి వస్తుంది. షెపర్డ్ లిఫ్ట్ ఆగిన చప్పుడుకే చెవులు రిక్కిస్తుంది. బెల్ మోగేసరికి తలుపుకీ మీకూ మధ్య వచ్చి నిలబడి ఉంటుంది. రెండుసార్లు గట్టిగా మొరిగి, వెనక్కి తిరిగి మీ ముఖం చూస్తుంది. ఆ చూపు చాలా ముఖ్యం. ఏం చేయమంటారని అడుగుతోందన్నమాట. "చాలు, రా" అని పిలిచి పక్కన కూర్చోబెట్టడం మీకు వస్తే అది నెమ్మదిస్తుంది. మీ దగ్గర జవాబు లేకపోతే తనకు తోచింది చేస్తుంది. షెపర్డ్‌లతో ఇళ్లలో వచ్చే గొడవల్లో చాలా భాగం అక్కడే మొదలవుతాయి.

మాకు మూడేళ్ల పాప ఉంది. ఏది సేఫ్?

స్వభావం పరంగా ల్యాబ్. అయితే ల్యాబ్‌తో వచ్చే సమస్య కరవడం కాదు, పడేయడం. ఏడాది వయసు ల్యాబ్ పాతిక ముప్పై కిలోలుంటుంది. సంతోషం వస్తే ముందూ వెనకా చూడకుండా మీదకు దూకుతుంది. దాని తోక దెబ్బకే టీపాయ్ మీద కప్పులు కింద పడతాయి, ఇక మూడేళ్ల పాప ఎంత? "దూకితే ఎవరూ పట్టించుకోరు, కూర్చుంటేనే ముద్దు చేస్తారు" అన్న పద్ధతి మొదటి రోజు నుంచే ఇంటిల్లిపాదీ పాటించాలి. ఒకరు తిట్టి ఇంకొకరు ఎత్తుకుంటే దానికి ఏమీ అర్థం కాదు.

షెపర్డ్ తన ఇంటి పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. చిక్కు బయటి పిల్లలతో వస్తుంది. బర్త్‌డేకి పదిమంది పిల్లలు వచ్చి అరుస్తూ పరిగెడుతుంటే, దాని రక్తంలో ఉన్న గొర్రెల కాపరి లేచి వాళ్లను చుట్టుముడతాడు, మడమల దగ్గర పళ్లు ఆనిస్తాడు. ఆటలో మీ పాపను ఎవరైనా తోస్తే దాన్ని దాడి అనుకోవచ్చు. అలాంటి రోజున దాన్ని వేరే గదిలో ఉంచడమే మంచిది.

ఏ జాతైనా సరే, ఐదారేళ్ల లోపు పిల్లల్ని, కుక్కను ఒంటరిగా వదిలి పక్క గదిలోకి కూడా వెళ్లకండి. అది తినేటప్పుడు గిన్నె దగ్గరికి, నిద్రపోతున్నప్పుడు దాని ముఖం దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. "మా కుక్క బంగారం, ఏమీ అనదు" అని ఈ విషయంలో ఎవరు చెప్పినా వినకండి.

ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉన్నారు. వాళ్లే పగలంతా దానితో ఉంటారు.

అయితే కుక్కపిల్లను తెచ్చే ముందు వాళ్లను అడగండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ముప్పై కిలోల కుక్కను వాకింగ్‌కి తీసుకెళ్లలేదు. పిల్లిని చూసి అది ఒక్కసారి లాగితే చాలు, కింద పడి తుంటి విరగొచ్చు. ఇలాంటి ఇళ్లకు నేను సలహా ఇచ్చేది మూడు నాలుగేళ్లు నిండిన, నెమ్మదించిన ఆడ ల్యాబ్. వేరే దేశాలకు వెళ్లిపోతూ, ఇళ్లు మారుతూ వదిలేసిన పెద్ద ల్యాబ్‌లు హైదరాబాద్, బెంగళూరు, విశాఖ లాంటి ఊళ్లలో దత్తతకు దొరుకుతూనే ఉంటాయి. పెద్ద కుక్క మనకు అలవాటు కాదేమోనని టెన్షన్ పడతారు గానీ కొన్ని వారాల్లోనే కలిసిపోతుంది.

దొంగల భయం ఉంది, కాపలా కోసమే కుక్క కావాలి. అప్పుడు షెపర్డే కదా?

ఈ ప్రశ్న వెనకాల నాకు ఎప్పుడూ ఒక గొలుసు కనిపిస్తుంది. గేటు పక్కన చిన్న రేకుల గూడు, మూరెడు గొలుసు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి గిన్నెలో అన్నం. షెపర్డ్ లాంటి తెలివైన కుక్కకు ఇంతకంటే నరకం లేదు. కట్టేసి పెంచిన షెపర్డ్ కాపలా నేర్చుకోదు. భయం నేర్చుకుంటుంది. భయం కోపమవుతుంది. ఒకరోజు గొలుసు ఊడి, పాలు పోసే మనిషినో పక్కింటి పిల్లాడినో కరుస్తుంది. మన నిర్లక్ష్యం వల్ల పెంపుడు జంతువు ఎవరికైనా హాని చేసే పరిస్థితి వస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద యజమాని మీద కేసు పెట్టొచ్చు.

నిజానికి మామూలు ఇంటికి కావాల్సిన కాపలా కొత్త మనిషి వస్తే మొరిగి మనల్ని లేపడం, అంతే. ఆ పని ఇంట్లో మనుషుల మధ్య పెరిగిన షెపర్డ్ ఎవరూ నేర్పకుండానే చేస్తుంది. ల్యాబ్ కూడా చాలాసార్లు మొరుగుతుంది, దాని గొంతూ గంభీరంగానే ఉంటుంది. కాకపోతే లోపలికి వచ్చినవాడితో దోస్తీ చేస్తుంది. మనుషుల మీదకు ఉసిగొల్పే ట్రైనింగ్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు. అది పోలీసు, సైన్యం చేసే పని. మొయినాబాద్‌లోని తెలంగాణ పోలీసు డాగ్ ట్రైనింగ్ సెంటర్‌లో గానీ, మీరట్‌లోని ఆర్మీ సెంటర్‌లో గానీ ఒక్కో కుక్కకు ఒక్కో హ్యాండ్లర్ ఉంటాడు, నెలల తరబడి శిక్షణ ఉంటుంది. పేలుడు పదార్థాల వాసన పట్టడానికి అక్కడ ల్యాబ్‌లనూ వాడతారు. ల్యాబ్ అంటే మొద్దు అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

మన ఎండలకు ఏది తట్టుకుంటుంది?

రెండూ చల్లటి ప్రాంతాల కుక్కలే. రెండింటికీ పైన గరుకు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు ఉంటాయి. మూతి పొడుగ్గా ఉండడం వల్ల పగ్‌ల కంటే ఎంతో నయం, ఊపిరి బాగా ఆడుతుంది. అయినా రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండ మనుషులకే ప్రాణాంతకం. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే వాటికి దారి. లావెక్కిన ల్యాబ్, పొడుగు బొచ్చు షెపర్డ్ త్వరగా వడదెబ్బకు లోనవుతాయి.

వేసవిలో వాకింగ్ తెల్లవారుజామున, మళ్లీ బాగా పొద్దుపోయాక. బయల్దేరే ముందు అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. పగలు గచ్చు మీద ఫ్యాన్ కింద పడుకోనివ్వండి, రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టండి. డాబా మీద కట్టేయడం, పార్క్ చేసిన కారులో "రెండు నిమిషాలే" అని వదిలేయడం ఎప్పటికీ వద్దు. చల్లగా ఉంటుందని బొచ్చు మొత్తం గొరిగించడం కూడా తప్పే. ఆ బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుకుంటుంది. గొరిగితే సరిగా తిరిగి పెరగకపోవచ్చు కూడా.

నాలుక ఎర్రగా కంది, చొంగ చిక్కబడి, నడక తూలుతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడలోకి తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి, చల్లబరుస్తూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో పెంచొచ్చా? అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరేమో.

పెంచొచ్చు. ఫ్లాట్ ఎంత పెద్దదనే దాని కంటే రోజుకు ఎంతసేపు బయట తిప్పుతారన్నదే ముఖ్యం. ఎదిగిన ల్యాబ్‌కైనా షెపర్డ్‌కైనా రోజుకు గంటన్నర నుంచి రెండు గంటలు కావాలి. షెపర్డ్ ప్రతి చప్పుడుకూ స్పందిస్తుంది కాబట్టి పక్క ఫ్లాట్‌వాళ్ల ఫిర్యాదులు దానితోనే ఎక్కువ. కుక్కలను పెంచకూడదని, లిఫ్ట్ వాడకూడదని అసోసియేషన్లు నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే రూలు చూపించి గొడవ పెట్టుకోవడం కంటే, అది రెంటికి వెళ్తే సంచిలోకి ఎత్తి శుభ్రం చేయడం, లిఫ్ట్‌లో ఎవరైనా భయపడితే తర్వాతి ట్రిప్పులో వెళ్లడం మేలు. హైదరాబాద్‌లో ఉంటే జీహెచ్‌ఎంసీలో రిజిస్ట్రేషన్ చేయించండి, రేబిస్ టీకా సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి.

బొచ్చు ఏది తక్కువ రాలుస్తుంది?

ఏదీ కాదు. రెండూ ఏడాది పొడవునా రాలుస్తాయి, షెపర్డ్ ఇంకాస్త ఎక్కువ. వారానికి మూడు నాలుగుసార్లు దువ్వితే సోఫా మీద పడేది బ్రష్‌లోకి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే, ముందు కుక్క ఉన్న బంధువుల ఇంట్లో ఒకటి రెండు రోజులు గడిపి చూసుకోండి.

అమ్మేవాళ్లు "ఇది డబుల్ కోట్ షెపర్డ్ అండీ, అందుకే రేటు ఎక్కువ" అంటారు. డబుల్ కోట్ అంటే పైనా లోపలా రెండు పొరల బొచ్చు, అది మామూలు షెపర్డ్‌కీ ఉంటుంది. వాళ్లు అమ్మేది పొడుగు బొచ్చు రకం. మన వాతావరణంలో దానికి అదనంగా డబ్బు పెట్టి అదనపు వేడిని కొనుక్కోవడం ఎందుకు?

పెరుగన్నం పెట్టి పెంచొచ్చా? మాది శాకాహార ఇల్లు.

పెరుగన్నం కడుపుకు హాయిగా ఉంటుంది గానీ ఎదిగే పెద్ద జాతి కుక్కపిల్లకు అదొక్కటే చాలదు. ప్రోటీన్ తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. మాంసం ఇంట్లో వండకపోతే పెద్ద జాతి పిల్లల కోసం తయారుచేసిన డాగ్ ఫుడ్ పెట్టండి. గుడ్డుకు అభ్యంతరం లేకపోతే ఉడికించి ఇవ్వండి. వండిన కోడి ఎముకలు, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వద్దే వద్దు. ఉల్లిపాయలు పడిన చికెన్ కూర పులుసు అన్నంలో కలిపి పెట్టడం మన ఇళ్లలో మామూలు, అది మానాలి.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మొదటిది కాల్షియం. "పెద్ద జాతి కదా, ఎముకలు గట్టిపడాలి" అని పిల్లకు సీసాలకు సీసాలు కాల్షియం టానిక్ పట్టిస్తారు. మంచి పప్పీ ఫుడ్‌లో సరిపడా కాల్షియం ఉంటుంది. అదనంగా ఇస్తే ఎముకలు, కీళ్లు వంకరపోయే ప్రమాదం ఉంది. డాక్టర్ రాయకుండా ఇవ్వకండి.

రెండోది ల్యాబ్ ఆకలి. ల్యాబ్‌కి ఎంత పెట్టినా చాలదని అందరూ అంటారు. అందులో నిజముంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2016లో తేల్చిందేమిటంటే, సుమారు నాలుగో వంతు ల్యాబ్‌లలో పీవోఎంసీ అనే జన్యువులో కొంత భాగం ఉండదు, వాటికి తిండి మీద యావ ఎక్కువ. కాబట్టి అది జాలిగా చూసిందని పెట్టకండి. అమెరికాలో 48 ల్యాబ్‌లను జీవితాంతం గమనించిన ఒక అధ్యయనంలో, తోటి కుక్కల కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. మీ కుక్క పక్కటెముకల మీద చేయి వేసి నిమరండి. నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగలాలి. పై నుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. నిలువునా దిమ్మలా ఉంటే అది పుష్టి కాదు, కొవ్వు.

ఏది ఆరోగ్యంగా ఉంటుంది?

రెండింటికీ తుంటి కీలు, మోచేతి కీలు సమస్యలు వంశపారంపర్యంగా వస్తాయి. షెపర్డ్‌లో తుంటి సమస్యతో పాటు, వయసు మళ్లాక వెనక కాళ్లు క్రమంగా చచ్చుబడే జబ్బు, క్లోమం సరిగా పనిచేయక ఎంత తిన్నా ఒంటపట్టకపోవడం, తిన్న వెంటనే పరిగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడడం కనిపిస్తాయి. ఈ చివరిది గంటల్లో ప్రాణం తీస్తుంది. పొట్ట డోలులా బిగిసి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎదిగే వయసులో షెపర్డ్ పిల్లలు ఈరోజు ఒక కాలు, వారం తర్వాత ఇంకో కాలు కుంటుతుంటాయి. చాలావరకు అది తగ్గిపోయేదే గానీ డాక్టర్‌కి చూపించాలి. ల్యాబ్‌కి లావెక్కడం, చెవుల్లో చీము ఎక్కువ. వేలాడే చెవుల్లో స్నానం తర్వాత తడి ఉండిపోతుంది, తుడిచి ఆరబెట్టాలి.

మన ఇళ్లలో కుక్కలకు ఎవరూ పట్టించుకోని శత్రువు గచ్చు. ఇప్పుడన్నీ నున్నటి టైల్సు, గ్రానైట్. మూడు నెలల పిల్ల బంతి వెనక పరిగెత్తి మలుపు తిరగబోతే వెనక కాళ్లు రెండూ విడివడి పొట్ట మీద జారిపోతుంది. చూసి నవ్వుకుని వీడియో తీస్తాం. అలా రోజుకు ఇరవైసార్లు జారితే లేత కీళ్లు ఏమవుతాయి? అది ఎక్కువగా తిరిగే చోట పాత జంపఖానానో రబ్బరు చాపో పరవండి. ఏడాది నిండే దాకా మెట్లు ఎక్కించి దించడం, ఎత్తు నుంచి దూకించడం తగ్గించండి.

షెపర్డ్ వీపు వెనక్కి బాగా ఏటవాలుగా ఉంటే "షో క్వాలిటీ" అంటారు. నాకు ఆ రూపం నచ్చదు. నడుస్తుంటే వెనక కాళ్లు ఈడ్చినట్టున్న తల్లిదండ్రుల పిల్లను ఎంత అందంగా ఉన్నా తీసుకోకండి.

పిడుదుల గురించి ఇంత హడావుడి ఎందుకు?

మన ప్రాంతంలో పెంపుడు కుక్కల ప్రాణం మీదకు తెచ్చేవి అవే కాబట్టి. పిడుదులు, కొన్ని జిల్లాల్లో గోమార్లు అంటారు, ఎర్లిషియా, బబేసియా అనే జబ్బులను ఎక్కిస్తాయి. డాక్టర్లు టిక్ ఫీవర్ అనేది దీన్నే. ఎర్లిషియా షెపర్డ్‌లలో మరింత తీవ్రంగా వస్తుంది. కుక్క ఒక పూట తిండి మానేసి మూలన పడుకుంటే పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లగా పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం ముదురు రంగులో ఉన్నా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. వాకింగ్ నుంచి రాగానే కాలి వేళ్ల సందులు, చెవుల మడతలు, బెల్టు కింద, తోక మొదట్లో వేళ్లతో వెతకడం రోజూ అలవాటు చేసుకోండి. ల్యాబ్ పొట్టి బొచ్చులో ఇవి త్వరగా దొరుకుతాయి, షెపర్డ్‌లో ఓపికగా వెతకాలి. నివారణకు మాత్రలు, చుక్కల మందులు ఉన్నాయి, కుక్క బరువును బట్టి డాక్టర్ చెప్తారు.

మంచి పిల్లను ఎలా ఎంచుకోవాలి? కేసీఐ పేపర్లుంటే చాలా?

చాలదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్ దాని వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. అడగ్గానే అమ్మేవాడి ముఖం మారితే అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం తల్లిని చూడడం. పిల్లను రోడ్డు మీదో బస్టాండ్‌లోనో చేతికి ఇస్తామంటే వెళ్లకండి. ఇంటికి వెళ్లి, తల్లి ఎక్కడ ఉంటోంది, కొత్తవాళ్లను చూసి ఎలా ప్రవర్తిస్తోంది, ఎముకలగూడులా ఉందా అని చూడండి. షెపర్డ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. తల్లి భయపడి మూలకు నక్కితే పిల్లల్లోనూ ఆ పిరికితనం రావచ్చు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారుడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. ముప్పై రోజుల పిల్ల అయితే బాగా అలవాటవుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడిపే ఆ వారాల్లోనే ఎంత గట్టిగా కరవొచ్చో, ఎక్కడ ఆపాలో అది నేర్చుకుంటుంది.

మగదా, ఆడదా? ఆపరేషన్ ఎప్పుడు?

మొదటిసారి అయితే ఆడది కాస్త సులువు, బరువూ తక్కువ. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి. ఆడకుక్కల్లో గర్భసంచి చీము పట్టే ప్రమాదం దానితో తప్పుతుంది. అయితే ఈ రెండు జాతుల్లోనూ, ముఖ్యంగా షెపర్డ్‌లో, ఏడాది నిండకముందే చేస్తే కీళ్ల సమస్యలు పెరుగుతాయని పరిశోధనలున్నాయి. ఎప్పుడన్నది మీ డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

నెలకు ఎంత ఖర్చవుతుంది?

ముప్పై కిలోల కుక్క రోజుకు మూడు నాలుగు వందల గ్రాముల డ్రై ఫుడ్ తింటుంది, అంటే నెలకు 9 నుంచి 12 కిలోలు. దాని మీద పిడుదుల మందు, ఏటా టీకాలు, నులిపురుగుల మాత్రలు, మీరు ఊరెళ్తే బోర్డింగ్. పిల్లను కొన్న ధర కంటే మొదటి ఏడాది ఖర్చే ఎక్కువవుతుంది. అనుకోని జబ్బు కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. ఖర్చులో రెండు జాతులకూ పెద్ద తేడా లేదు.

షెపర్డ్‌కి ట్రైనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

తెచ్చిన రోజే. పుట్టిన మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏం చూస్తే అదే మామూలు ప్రపంచం అనుకుంటుంది. టీకాలు పూర్తికాకుండా వీధిలో దింపకూడదు, పార్వో అనే వైరస్ జబ్బు సోకుతుంది. అందుకని ఎత్తుకుని తిప్పండి. కూరగాయల బండి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గుడి మైకు, బురఖా వేసుకున్నవాళ్లు, చేతికర్ర పట్టుకున్న తాతలు, స్కూలు బస్సు దిగే పిల్లలు, అన్నీ చంకలో నుంచే చూడనివ్వండి. చూసి కుదురుగా ఉన్నప్పుడల్లా చిన్న ముక్క తినిపించండి. కొట్టి నేర్పించే ట్రైనర్‌కి ఇవ్వకండి. కుక్కను నెలరోజులు వాళ్ల దగ్గరే వదిలేసి రమ్మనే చోట కంటే, మిమ్మల్ని పక్కన నిలబెట్టి మీకు నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ల్యాబ్‌కీ ఇదే పద్ధతి. దానికి తిండి యావ కాబట్టి ఇంకా త్వరగా నేర్చుకుంటుంది, కానీ చిన్నపిల్లల చేష్టలు రెండు మూడేళ్ల దాకా పోవు. చెప్పులు, రిమోట్లు, చార్జర్లు పైన పెట్టుకోవాల్సిందే.

ప్రభుత్వం కొన్ని జాతులను నిషేధించిందట. ఇవి ఉన్నాయా?

లేవు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల జాబితాను రాష్ట్రాలకు పంపింది. అందులో రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటివి ఉన్నాయి గానీ ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లేవు. ఆ ఆదేశాన్ని కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో కొట్టేసింది.

ఈ రెండూ కాకుండా వీధికుక్క పిల్లను తెచ్చుకుంటే?

చాలా మంచి ఆలోచన. మన ఎండలకు, మన నేలకు అలవాటుపడిన ఒళ్లు, పొట్టి బొచ్చు, మధ్యస్థమైన బరువు. ఈ రెండు జాతుల్లో లాగా తుంటి సమస్యలు వాటిలో అంతగా కనపడవు. టీకాలు, పిడుదుల జాగ్రత్త మాత్రం వాటికీ అంతే అవసరం. ఇంట్లో అందరూ ఒప్పుకుంటే జాతి మీద పట్టుదల వదిలేసి ఒకసారి దత్తత శిబిరానికి వెళ్లి చూడండి.

టీకాలన్నీ వేయించాం. ఆటలో పిల్లాడి చేతికి పన్ను గీరుకుంది. ఏం చేయాలి?

చిన్న గీత అయినా సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టకండి, కట్టు కట్టకండి. తర్వాత కుక్క టీకా కార్డు తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పిల్లాడికి రేబిస్ ఇంజెక్షన్లు కావాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. వేయమంటే కోర్సు మొత్తం పూర్తిచేయించండి, ఒకటి రెండు డోసుల తర్వాత మానేయకండి.